మధ్యాహ్నం రెండున్నర గండం: కునుకునీ నడకనీ కలిపి రోజంతా ఓపిగ్గా ఉండటం ఎలా

రెండేళ్ల కిందటి సంగతి. మధ్యాహ్నం రెండున్నరకి టీమ్ కాల్, మా మేనేజర్ నన్నేదో అడిగారు, నేను మ్యూట్‌లో ఉన్నా, కెమెరా ఆఫ్, కళ్లు కూడా ఆఫ్. మూడోసారి పేరు పెట్టి పిలిస్తే గానీ మెలకువ రాలేదు. "నెట్ ప్రాబ్లం అండీ" అని చెప్పేశా, అందరూ అదే చెప్తారు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు గానీ నాకు మాత్రం సిగ్గేసింది.

ఆ తర్వాత కొన్నాళ్లు టీలతో లాగించా. మూడింటికి ఒకటి, నాలుగున్నరకి ఒకటి, ఆరింటికి ఇంకోటి. దాంతో రాత్రి పన్నెండున్నరైనా నిద్ర పట్టదు, పొద్దున్నే లేవలేను, వాకింగ్ ఎగిరిపోతుంది, మళ్లీ మధ్యాహ్నం అదే మగత, గానుగెద్దులాగా ఇదే తిరుగుడు.

మా నాన్నకి తెనాలి దగ్గర ఓ ఊళ్లో చిన్న బట్టల కొట్టు ఉండేది. ఒంటిగంటకి షట్టర్ దించి ఇంటికొచ్చి అన్నం తిని, పెరట్లో వేపచెట్టు చుట్టూ కాసేపు తిరిగి, చాప మీద ఎడంపక్కకి ఒరిగి మొహం మీద తువ్వాలు కప్పుకునేవాడు. అమ్మ టీ గ్లాసులు కడిగే చప్పుడుకి లేచి కూర్చునేవాడు, మొత్తం ఇరవై నిమిషాలు కూడా ఉండేది కాదు. రాత్రి తొమ్మిదిన్నర దాకా కొట్లో నిలబడే ఉండేవాడు, ఒక్క ఆవులింత చూడలేదు నేను. "తిన్నాక వంద అడుగులు, ఆ తర్వాతే వామకుక్షి" అనేవాడు, వామకుక్షి అంటే అలా ఎడంపక్కకి ఒరగడమే. అప్పట్లో నవ్వుకునేవాణ్ని గానీ ఆ వరస, ఆ కొలత, ఈ రెండిట్లోనే విషయమంతా ఉందని నాకు నలభై దగ్గరపడ్డాక అర్థమైంది. ముందు నడక, తర్వాత చిన్న కునుకు. నేను ఏమేం చేసి దారిలో పడ్డానో, ఎక్కడెక్కడ బోల్తాపడ్డానో వరసగా చెప్తా.

మొదటి పని: ఒక వారం ఏమీ మార్చకండి, రాసుకోండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి రోజూ నాలుగే నాలుగు విషయాలు రాయండి: రాత్రి ఎన్నింటికి పడుకున్నారు, ఎన్నింటికి లేచారు, మధ్యాహ్నం మగత ఎన్నింటికి మొదలైంది, ఎన్ని టీ కాఫీలు పడ్డాయి. ఏ యాప్‌లూ వాచీలూ అక్కర్లేదు.

వారం అయ్యాక చూసుకుంటే నాకు సగటున రాత్రి నిద్ర ఐదున్నర గంటలు తేలింది. నేనేమో ఏడు గంటలు పడుకుంటున్నా అనుకుంటున్నా, మంచం మీద ఫోన్ చూసే టైమ్ కూడా నిద్రలో కలిపేసుకుని. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి, దాంట్లో గంటన్నర కోత పెట్టి మధ్యాహ్నం ఇరవై నిమిషాలతో పూడుద్దామంటే కుదరదు, అప్పు తీర్చడానికి చిల్లర వేసినట్టుంటుంది. మీకూ ఇలాగే తేలితే ముందు రాత్రి పడుకునే టైమ్ ఓ అరగంట ముందుకి జరపండి, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇంకోటి కూడా ఇక్కడే చెప్పాలి. ఏడెనిమిది గంటలు పడుకున్నా రోజూ నీరసంగానే ఉంటే అది కునుకుతో పోయేది కాదు, రక్తపరీక్షలు చేయించుకోండి: హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీ12, విటమిన్ డీ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, అంటే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరు "ఎందుకో ఓపిక ఉండట్లేదు" అంటూ ఉంటారన్నమాట, వాళ్లకి మనం వాకింగ్ చెయ్యమని సలహా ఇస్తుంటాం. అలాగే గట్టిగా గురక పెడుతూ, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు, డాక్టర్‌కి చూపించాల్సిందే. మన గురక మనకి తెలీదు, ఇంట్లోవాళ్లని అడగాలి, వాళ్లు సంతోషంగా చెప్తారు.

మగత ఎందుకొస్తుందో కాస్త తెలుసుకుంటే పని సులువు

భుక్తాయాసం అని మనవాళ్లు పెట్టిన పేరు భలే ఉంటుంది గానీ తప్పంతా అన్నానిదే కాదు. మన ఒంట్లో గడియారం లాంటిది ఒకటుంది, అది రాత్రి నిద్రకి ఎలా దించుతుందో మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు మధ్యలో కూడా అలాగే కొంచెం దించుతుంది, భోజనం మానేసినా ఈ దిగుడు ఉంటుంది. దీనికి తోడు మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది, అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కాఫీలోని కెఫీన్ ఈ అడినోసిన్‌ని తీసెయ్యదు, అది కూర్చునే కుర్చీల్లో ముందే తను వెళ్లి కూర్చుంటుంది, అంతే. కెఫీన్ లేచిపోగానే అడినోసిన్ అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది. నిద్ర ఒక్కటే దాన్ని నిజంగా తగ్గించేది.

ఈ రెండిటి పైన మనం రెండు ప్లేట్ల అన్నం, ముద్దపప్పు, చివర్లో పెరుగన్నం దట్టించామనుకోండి, ఇంక చెప్పేదేముంది.

రెండో పని: ప్లేటు, ఆ తర్వాత వంద అడుగులు

అన్నం మానెయ్యమని నేను చెప్పను, నేనే మానలేదు. ఒక హస్తం తగ్గించి ఆ చోటు కూరకీ పప్పుకీ గుడ్డుకీ ఇవ్వండి. ముందు కూర నాలుగు ముద్దలు తిని తర్వాత అన్నం మొదలుపెట్టినా తేడా తెలుస్తుంది.

తిన్న పది పదిహేను నిమిషాల్లోపు లేచి నడవండి. వంద అడుగులన్నది మాటవరసకి, నా లెక్క పది నుంచి పదిహేను నిమిషాలు, నెమ్మదిగా, చెమట పట్టకుండా. తిన్నాక పెరిగే షుగర్‌ని కాళ్ల కండరాలు లాక్కుని వాడేసుకుంటాయి, దానికి పెద్దగా ఇన్సులిన్ సాయం కూడా అక్కర్లేదు. 2013లో అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు షుగర్ వచ్చే అవకాశం ఉన్న పెద్ద వయసు వాళ్ల మీద చూస్తే, మూడు పూటలా తిన్న తర్వాత పదిహేనేసి నిమిషాలు నడిచినా, పొద్దున ఒకేసారి నలభై ఐదు నిమిషాలు నడిచినా రోజు మొత్తం మీద షుగర్ తగ్గింది, రాత్రి భోజనం తర్వాత షుగర్ తగ్గడంలో మాత్రం మూడు ముక్కల నడకే గెలిచింది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే తేల్చింది, కాబట్టి ఈ పదిహేను నిమిషాలు మగతకి మాత్రమే కాదు.

మే నెల ఎండలో బయట నడవమనట్లేదు బాబూ. ఇంట్లో హాలు, అపార్ట్‌మెంట్ కారిడార్, ఆఫీసులో బేస్‌మెంట్ పార్కింగ్, ఏదైనా సరే. నేను కూకట్‌పల్లిలో మా ఫ్లోర్ కారిడార్‌లో అటూ ఇటూ తిరుగుతుంటే ఎదురింటి ఆంటీ మొదట్లో "ఏమైంది బాబూ, తాళంచెవి పోయిందా" అని అడిగేది.

మూడో పని: కునుకు

అసలు తప్పులన్నీ ఇక్కడే చేస్తాం కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా.

టైమ్: ఒకటిన్నర నుంచి మూడు లోపల. మీరు రాసుకున్న నోట్స్‌లో మగత ఎన్నింటికి వస్తోందో దానికి ఓ పావుగంట ముందే పడుకోండి, కునికిపాట్లు మొదలయ్యేదాకా ఆగొద్దు. మూడున్నర దాటితే ఆ రోజుకి వదిలెయ్యండి, సాయంత్రం పడుకున్న కునుకు రాత్రి నిద్రలోంచి తీసుకున్న అడ్వాన్సే.

ఎంతసేపు: పది నుంచి ఇరవై నిమిషాల నిద్ర. అలారం ఇరవై ఐదుకి పెట్టుకోండి, పట్టడానికి ఓ ఐదు నిమిషాలు పోతుంది కదా. ఎందుకింత కచ్చితం అంటే, నిద్ర మెట్లుమెట్లుగా దిగుతుంది. మొదటి రెండు మెట్లు తేలిక, అక్కణ్నుంచి లేపితే హాయిగా లేస్తాం. సుమారు అరగంట దాటేసరికి గాఢనిద్రలోకి జారతాం, అందులోంచి అలారం లాగితే తల దిమ్ము, నోరు చేదు, ఇది పొద్దునా సాయంత్రమా అన్న అయోమయం, ఎదురుగా ఎవరుంటే వాళ్ల మీద చిరాకు. "నాకు మధ్యాహ్నం నిద్ర పడదండీ, లేస్తే తలనొప్పి" అనేవాళ్లలో చాలామంది గంట గంటంబావు పడుకునేవాళ్లే, సరిగ్గా గాఢనిద్ర మధ్యలో లేస్తారు పాపం.

ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ యూనివర్సిటీ వాళ్లు 2006లో అచ్చేసిన ప్రయోగం ఒకటుంది. రాత్రి ఐదు గంటలే నిద్రపోయినవాళ్లని మధ్యాహ్నం ఐదు, పది, ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుకోబెట్టి చూశారు. పది నిమిషాల వాళ్లు లేవగానే చురుగ్గా ఉన్నారు, ఆ చురుకు రెండున్నర గంటల దాకా నిలిచింది. ఇరవై వాళ్లకి లేచిన అరగంటకి గానీ లాభం తెలియలేదు, ముప్ఫై వాళ్లు ముందు కాసేపు మబ్బుగా ఉండి తర్వాత తేరుకున్నారు. ఐదు నిమిషాల వాళ్లకి పెద్దగా ఒరిగిందేమీ లేదు. నాసా వాళ్ల 1994 రిపోర్ట్ కూడా ఇలాంటిదే, లాంగ్ ఫ్లైట్లలో పైలట్లకి వంతులవారీగా 40 నిమిషాలు విశ్రాంతి ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, పడుకోని వాళ్లకంటే దిగేటప్పుడు చురుగ్గా ఉన్నారు. విమానం నడిపేవాళ్లకే పనికొస్తే ఎక్సెల్ షీట్ నడిపేవాళ్లకి పనికిరాదా చెప్పండి.

ఎక్కడ, ఎలా: ఇంట్లో అయితే చాప లేదా సోఫా. మంచం వద్దంటే వద్దు, మంచం ఎక్కితే ఇరవై నిమిషాలు అనేది జరగదు. ఎడంపక్కకి తిరిగి పడుకుంటే తిన్నది గొంతులోకి ఎగదన్నడం తక్కువ, వామకుక్షిలో ఉన్న కిటుకు అదే. కళ్ల మీద తువ్వాలు, ఫ్యాన్ మీడియంలో, ఫోన్ చేతికందనంత దూరంలో. ఫోన్ పక్కనే ఉంటే పడుకునే ముందు ఒక్క రీల్ చూద్దాం అనిపిస్తుంది, ఇరవై నిమిషాలూ దానికే సరి.

ఆఫీసులో అయితే కుర్చీలో వెనక్కి వాలండి, మెడకింద స్వెటరో చున్నీయో మడిచి పెట్టుకోండి. కూర్చుని కునుకు తీస్తే ఏం లాభం అనుకోకండి, ఆయుర్వేదంలో దివాస్వప్నం అని పగటి నిద్రని మామూలుగా వద్దంటారు గానీ చరక సంహితలో రెండు మినహాయింపులు నాకు భలే నచ్చుతాయి. ఒకటి, ఎండాకాలంలో రాత్రులు చిన్నవి కాబట్టి పగలు పడుకోవచ్చు. రెండోది, కూర్చుని తీసే కునుకు ఒంట్లో పొడినీ పెంచదు, కఫాన్నీ పెంచదు. అన్ని వందల ఏళ్ల కిందట ఆఫీసు కుర్చీ గురించి ఎవరో రాసిపెట్టినట్టే ఉంటుంది.

నిద్ర పట్టకపోతే? పట్టకపోనివ్వండి. కళ్లు మూసుకుని, ఊపిరి వదిలేటప్పుడు కొంచెం ఎక్కువసేపు వదులుతూ, పాదాల నుంచి పైకి ఒక్కో భాగం వదులు చేసుకుంటూ రండి, యోగనిద్ర క్లాసులో చెప్పినట్టు. నాకు మొదటి వారం ఐదు రోజుల్లో ఒక్కరోజే నిద్ర పట్టింది, మూడోవారానికి తువ్వాలు వేసుకోగానే పట్టేస్తోంది, ఒళ్లు అలవాటు పడుతుంది.

లేచాక: అలారం మోగితే స్నూజ్ లేదు. చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, వెలుతురులోకి వెళ్లి, రెండు నిమిషాలు భుజాలు తిప్పి పది గుంజీలు తియ్యండి. లేవగానే కాల్ మాత్రం పెట్టుకోకండి, పది నిమిషాల గ్యాప్ ఉండాలి.

కాఫీ కిటుకు: కెఫీన్ పనిచెయ్యడానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. అందుకని ఓ చిన్న ఫిల్టర్ కాఫీ గబగబా తాగి వెంటనే పడుకుంటే, మీరు లేచే టైముకి అదీ అందుకుంటుంది, ఈలోపు కునుకు కొంత అడినోసిన్‌ని ఊడ్చి పెడుతుంది. 1997లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీ వాళ్లు నిద్రమత్తు డ్రైవర్ల మీద ఇలాగే కాఫీ, చిన్న కునుకు కలిపి చూస్తే డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో, అంటే ఉత్తుత్తి కారు మీద, వాళ్లు చేసే తప్పులు బాగా తగ్గాయి. హైదరాబాద్ నుంచి విజయవాడ కార్లో వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, సూర్యాపేట దగ్గర కళ్లు వాలుతుంటే ఏసీ పెంచడం, పాటలు పెట్టడం కాదు, బండి హోటల్ దగ్గరో బంకులోనో ఆపి, కాఫీ తాగి పావుగంట సీటు వాల్చండి. అయితే కెఫీన్ సగం దిగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి రెండున్నర తర్వాత ఈ కిటుకు వాడితే రాత్రి పదకొండుకి సీలింగ్ చూస్తూ ఉంటారు.

ఒక హెచ్చరిక: రాత్రి నిద్రపట్టని జబ్బు ఉన్నవాళ్లు పగటి కునుకు జోలికి పోకండి, ఆ కొద్దిపాటి నిద్రమత్తునీ రాత్రికే దాచుకోవాలి. మీకు నడక ఒక్కటే చాలు.

నాలుగో పని: వ్యాయామం, కానీ సగం బలంతో

ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) 2020లో చెప్పిన లెక్క: వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి వ్యాయామం, దాంతోపాటు రెండు రోజులు కండరాలకి పని. అంటే వారంలో ఐదు రోజులు అరగంట గబగబా నడక, రెండు రోజులు దండీలు బస్కీలు. అంతే, జిమ్‌కి ఏడాది ఫీజు కట్టేసి అక్కడి కాఫీ షాపుకి పోషకులవ్వాల్సిన పని లేదు. నేను అలా అయ్యా ఒక ఏడాది.

ఓ మోస్తరు అంటే ఎంత? నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మన పాతవాళ్లు దీన్నే అర్ధశక్తి వ్యాయామం అన్నారు, నుదుటి మీద, ముక్కు మీద చెమట పట్టి, నోరు ఆరి, నోటితో ఊపిరి తీసుకోవాల్సి వచ్చిందంటే సగం బలం అయిపోయినట్టే, ఆపెయ్యమన్నారు. ఓపిక పెంచుకోడానికి వ్యాయామం చేసేవాళ్లు మొదటి రోజే గంట పరిగెత్తి మూడు రోజులు మెట్లు దిగలేకపోతే ఇంకేం ఓపిక. ఎండాకాలం అయితే ఇంకా తగ్గించండి, పొద్దున ఆరున్నర లోపు అయిపోవాలి.

కండరాల పని ఎలా మొదలుపెట్టాలంటే, మొదటి వారం గోడకి చేతులు ఆనించి పది దండీలు, కుర్చీలోంచి లేచి కూర్చోవడం పది, ఇలా రెండు విడతలు. రెండో వారం గోడ బదులు డైనింగ్ టేబుల్ అంచు. మూడో వారం నేల మీద మోకాళ్లు ఆనించి. కుర్చీ తీసేసి బస్కీలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సగం వంగితే చాలు. బీపీ, గుండె జబ్బు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి, ఇది ఊరికే రాసే లైను కాదు.

పొద్దునా సాయంత్రమా అని పెద్ద చర్చ నడుస్తుంటుంది. పొద్దున అయితే వెలుతురు తగులుతుంది, దాంతో ఒంట్లో గడియారం సర్దుకుని రాత్రి నిద్ర తొందరగా వస్తుంది, అందుకే నా ఓటు పొద్దుటికి. కానీ పిల్లల టిఫిన్ బాక్సులు కట్టే అమ్మలకి పొద్దున్నే వాకింగ్ అని చెప్పడం తేలికే, చెయ్యడం ఎవరివల్ల అవుతుంది? సాయంత్రం ఆరుకి చెయ్యండి, మధ్యాహ్నం కునుకు తీసి ఉంటే ఆ టైముకి ఒంట్లో నిజంగానే బలం ఉంటుంది. పడుకోడానికి గంట ముందు మాత్రం గట్టి వ్యాయామం వద్దు.

ఇక కూర్చుని పనిచేసేవాళ్లు గంటకోసారి రెండు నిమిషాలు లేవాలి. నేను నీళ్ల బాటిల్ టేబుల్ మీద పెట్టుకోవడం మానేసి వంటింట్లో పెట్టా, దాహం వేస్తే లేవక తప్పదు.

ఐదో పని: నాలుగు వారాల్లో పేర్చుకోవడం

అన్నీ ఒకేసారి మొదలుపెడితే తొమ్మిదో రోజుకి అన్నీ పోతాయి, నాకు అనుభవమే. మొదటి వారం రాసుకోవడం, దాంతోపాటు ఇంకేం లేదు. రెండో వారం రాత్రి నిద్ర అరగంట ముందుకి, తిన్నాక నడక. మూడో వారం కునుకు చేర్చండి, క్యాలెండర్‌లో రెండింటి నుంచి రెండున్నర బ్లాక్ చేసుకుని, పేరు మాత్రం "ఫోకస్ టైమ్" అని పెట్టండి, కునుకు అని పెడితే ఎవడో ఒకడు దాని మీదే మీటింగ్ పెడతాడు. నాలుగో వారం అరగంట నడక, రెండు రోజులు దండీలు.

రాత్రి నిద్ర చెడిపోయిన రోజు ఏం చెయ్యాలి అని అడుగుతారు. ఆ రోజు గట్టి వ్యాయామం మానేసి నడకతో సరిపెట్టండి, కునుకు మాత్రం మానొద్దు, అలాగని రెండు గంటలు పడుకోవద్దు.

నైట్ షిఫ్ట్ వాళ్లకి ఈ టైములన్నీ తిరగబడతాయి. డ్యూటీకి వెళ్లేముందు సాయంత్రం గంటన్నర పడుకోండి, ఒక నిద్ర చుట్టు సుమారు తొంభై నిమిషాలు కాబట్టి అది పూర్తయ్యేటప్పుడు లేస్తే దిమ్ము తక్కువ. బ్రేక్‌లో ఇరవై నిమిషాలు కునుకు, కాఫీలన్నీ షిఫ్ట్ మొదటి సగంలోనే. తెల్లారి బైక్ మీద ఇంటికెళ్లేవాళ్లు మత్తుగా ఉంటే క్యాబ్‌లో వెళ్లండి, లేదా పావుగంట పడుకుని బయల్దేరండి.

చంటిపిల్లల తల్లులకి ఈ నిమిషాల లెక్కలేవీ వర్తించవు. పాప పడుకున్నప్పుడు మీరూ పడుకోండి, గిన్నెలు ఎవరైనా తోముతారు, తోమకపోతే తోమించండి.

నాకిప్పుడు టీ రెండుకి దిగింది, రెండున్నర కాల్ మూడింటికి జరిపించా, కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎదురింటి ఆంటీ కూడా కారిడార్‌లో నాతోపాటు తిరుగుతోంది, వాళ్లాయన్ని మాత్రం ఇంకా లేపలేకపోతోంది. ఆదివారం బిర్యానీ తిన్న రోజు మాత్రం నేను కూడా ఈ కునుకు రూలేదీ పాటించను, నడక నడిచి తొంభై నిమిషాలకి అలారం పెట్టి మంచమే ఎక్కేస్తా.